యూనివర్సిటీ అబ్జర్వేటరీలో నక్షత్ర వీక్షణ రాత్రి: ఐపీస్ దగ్గర మీ వంతును పూర్తిగా వాడుకోవడం ఎలా

ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాలు వారానికో నెలకో ఒక రాత్రి తమ అబ్జర్వేటరీ తలుపులు అందరికీ తెరుస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లిక్ అబ్జర్వేటరీలో 1888 నాటి 91 సెంటీమీటర్ల టెలిస్కోప్ ఉంది. గురుగ్రహం ఐదో చంద్రుడు అమాల్తియాను 1892లో ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్ దాని ఐపీస్‌కు (టెలిస్కోప్ చివర కన్ను పెట్టి చూసే కటకానికి) కన్ను ఆనించే కనిపెట్టాడు. నేరుగా కంటితో చూసి కనిపెట్టిన చివరి చంద్రుడు అదే. సందర్శకుల రాత్రుల్లో అదే గొట్టం గుండా ఆకాశాన్ని చూసే అవకాశం మామూలు జనానికీ దొరుకుతూ వచ్చింది. వర్జీనియా విశ్వవిద్యాలయం మెకార్మిక్ అబ్జర్వేటరీలోని 1885 నాటి 66 సెంటీమీటర్ల టెలిస్కోప్ కూడా అలాంటిదే.

ఇంత గొప్ప పరికరం దగ్గర ఒక్కొక్కరికి దక్కేది ఒకటి రెండు నిమిషాలు. చాలామంది పది సెకన్లు చూసి "బాగుంది" అని దిగిపోతారు. నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కాసేపట్లో మీకెంత కనిపిస్తుందనేది టెలిస్కోప్ సైజు కన్నా మూడు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది: ఏ రాత్రి వెళ్లారు, కళ్లు ఎంత సిద్ధంగా ఉన్నాయి, ఐపీస్ దగ్గర ఎంత నిలకడగా ఆగారు. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

1. రాత్రిని ఎంచుకోండి

ముందు చంద్రుడి సంగతి తేల్చుకోవాలి. పున్నమి రాత్రి టెలిస్కోప్‌లో చంద్రుడు అద్భుతంగా ఉంటాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రాత్రే అతి తక్కువ కనిపిస్తుంది. సూర్యకాంతి మన వెనకనుంచి నేరుగా పడటంతో నీడలుండవు, నీడ లేకపోతే గుంతకూ గుట్టకూ తేడా తెలియదు. పైగా ఆ వెన్నెలకు నీహారికలు (నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మబ్బులు), గెలాక్సీలు వెలవెలబోతాయి.

చంద్రుణ్ని చూడాలంటే శుక్ల పంచమి నుంచి దశమి మధ్య వెళ్లండి. అష్టమి ప్రాంతంలో సగం చంద్రుడు సాయంత్రానికే ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాడు, అర్ధరాత్రి దాకా దిగడు. గెలాక్సీలు, నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు కావాలంటే బహుళ సప్తమి నుంచి శుక్ల తదియ మధ్య రాత్రులు మంచివి. అప్పుడు చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతానికో ఆ తర్వాతో ఉదయిస్తాడు, లేదంటే పొద్దుగూకిన కాసేపటికే దిగిపోతాడు. ఒకే నెలలో ఈ రెండు రకాల రాత్రులకూ ఒక్కోసారి వెళ్లగలిగితే అంతకన్నా కావలసిందేముంది!

తర్వాత గ్రహాలు. గురుగ్రహం దాదాపు 13 నెలలకొకసారి, శనిగ్రహం దాదాపు ఏడాదీ రెండు వారాలకొకసారి భూమికి దగ్గరగా వచ్చి రాత్రంతా కనిపిస్తాయి. అంగారకుడికి మాత్రం దాదాపు 26 నెలలు ఆగాలి, తర్వాతి అవకాశం 2027 ఫిబ్రవరిలో ఉంది. మిగతా కాలంలో అంగారకుడు టెలిస్కోప్‌లో కూడా చిన్న ఎర్రచుక్కలాగే ఉంటాడు కాబట్టి, వాడికోసమే వెళితే నిరాశ తప్పదు.

అబ్జర్వేటరీ ఊరి నడిమధ్య ఉందా, దూరంగా ఉందా అన్నది కూడా చూసుకోండి. ఊరి దీపాల వెలుగు చంద్రుణ్ని, గ్రహాలను, జంట నక్షత్రాలను పెద్దగా ఏమీ చేయదు. గెలాక్సీలను మాత్రం మింగేస్తుంది. క్యాంపస్ మధ్యలో ఉన్న అబ్జర్వేటరీకి వెళ్లి గెలాక్సీ చూపించమని అడిగేకన్నా శనిని చూపించమనడం మేలు.

2. వెళ్లేముందు కనుక్కోవలసినవి

కొన్నిచోట్ల ముందే పేరు నమోదు చేసుకోవాలి, కొన్నిచోట్ల నేరుగా వెళ్లొచ్చు. ఏ టెలిస్కోప్‌లోంచి చూపిస్తారో, సొంత కళ్లతో చూస్తారో తెర మీద చూపిస్తారో అడగండి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. పాత డోమ్‌లకు (టెలిస్కోప్ ఉండే గుండ్రటి కప్పు గదులకు) మెట్లు ఇరుకుగా ఉంటాయి, ఐపీస్ అందుకోవడానికి నిచ్చెన ఎక్కాల్సి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ముందే చెబితే, కింద ఇంకో చిన్న టెలిస్కోప్‌ను వాళ్లకు అందేలా పెట్టే ఏర్పాటు చాలాచోట్ల చేస్తారు.

వాతావరణం బాగాలేకపోతే కార్యక్రమం రద్దవుతుంది. ఆ నిర్ణయం చాలావరకు ఆ సాయంత్రమే తీసుకుంటారు. బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

3. వెంట ఉండాల్సినవి

మీరు అనుకున్నదానికన్నా వెచ్చటి బట్టలు వేసుకోండి. డోమ్ లోపల వేడిచేసే ఏర్పాటు ఉండదు, ఉండకూడదు కూడా. లోపలి గాలి బయటి గాలి కన్నా వెచ్చగా ఉంటే డోమ్ కప్పులో తెరిచే చీలికలోంచి వేడి పైకి పోతూ టెలిస్కోప్‌లో కనిపించే బొమ్మను అల్లాడిస్తుంది. అందుకే చీకటి పడకముందే డోమ్ తెరిచి లోపలా బయటా ఉష్ణోగ్రత సమానం చేస్తారు. అలాంటిచోట కదలకుండా గంటసేపు నిలబడితే, నడిచేటప్పుడు తెలియని చలి కూడా కాళ్లలోంచి పాకుతుంది.

ఎర్ర వెలుతురిచ్చే చిన్న టార్చి ఒకటి ఉంచుకోండి. లేకపోతే మామూలు టార్చికి రెండు మూడు మడతలు ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. ఒక పెన్సిలు, అరచేతి వెడల్పు వృత్తం గీసిపెట్టుకున్న కాగితం కూడా జేబులో పడేసుకోండి. అవెందుకో ముందు ముందు చెబుతాను. లేజర్ పాయింటర్ మాత్రం తీసుకెళ్లొద్దు. విమానాలకూ పక్కవాళ్ల కళ్లకూ ప్రమాదం. దాన్ని వాడాల్సింది అక్కడి సిబ్బందే.

4. కళ్లను చీకటికి అలవాటు చేయండి

చీకట్లోకి రాగానే కంటిపాప కొన్ని సెకన్లలోనే పెద్దదవుతుంది. అసలు పని ఆ తర్వాత జరుగుతుంది. రెటీనాలో మసక వెలుతురును పట్టే దండకణాల్లో రొడాప్సిన్ అనే రసాయనం మళ్లీ పేరుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర వెలిగిందంటే ఆ శ్రమంతా క్షణంలో పోతుంది, గడియారం మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర వెలుగుకు దండకణాలు అంతగా స్పందించవు కాబట్టే అబ్జర్వేటరీల్లో ఎర్ర దీపాలుంటాయి.

కాబట్టి కార్యక్రమం మొదలవడానికి అరగంట ముందే చేరుకోండి. కారు హెడ్‌లైట్లు డోమ్ వైపు తిరగకుండా ఆపండి. ఫోన్‌ను జేబులో పెట్టేయండి, తెర వెలుతురు తగ్గించినా సరే బయటికి తీయకపోవడమే మంచిది. మీ ఒక్కరి ఫోన్ వెలిగితే వరుసలో ఉన్న అందరి అరగంటా పోతుంది.

చంద్రుణ్ని, గ్రహాలను చూసే రాత్రికి ఇంత కష్టం అక్కర్లేదు, అవి బాగా వెలుగుతూనే ఉంటాయి. అయితే ఒకే రాత్రి రెండూ చూపిస్తున్నారంటే మసక వస్తువులను ముందు చూసి, చంద్రుణ్ని చివరికి ఉంచుకోండి. సగం చంద్రుణ్ని పెద్ద టెలిస్కోప్‌లో చూశాక ఆ కంటికి కాసేపు ఇంకేమీ ఆనదు.

5. డోమ్‌లోకి అడుగుపెట్టాక

ముందు టెలిస్కోప్ దేనిమీద నిలబడిందో గమనించండి. పెద్ద అబ్జర్వేటరీల్లో టెలిస్కోప్ బరువంతా ఒక స్తంభం మీద ఉంటుంది. ఆ స్తంభం పునాది వేరు, మీరు నిలబడ్డ నేల పునాది వేరు. జనం అటూ ఇటూ నడిచినా ఆ అదురు టెలిస్కోప్‌కు చేరకుండా అలా కడతారు. లిక్ అబ్జర్వేటరీ పెద్ద టెలిస్కోప్ స్తంభం అడుగున, దానికి డబ్బిచ్చిన జేమ్స్ లిక్ సమాధి ఉంది. అక్కడ మరో వింత ఏమిటంటే, ఐపీస్ ఎత్తుకు తగ్గట్టు డోమ్ నేలనే లిఫ్టులా పైకీ కిందికీ జరుపుతారు.

కాసేపటికి గడగడమని డోమ్ తిరుగుతుంది. టెలిస్కోప్ కదిలిందేమో అని కంగారు పడొద్దు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంటే, టెలిస్కోప్ మోటారు దానికి ఎదురుగా మెల్లగా తిరుగుతూ నక్షత్రాన్ని విడవకుండా పట్టుకుంటుంది. డోమ్ చీలికను అప్పుడప్పుడూ దాని ముందుకు జరపాలి, ఆ చప్పుడే అది.

టెలిస్కోప్ సైజు అడగండి. కంటిపాప బాగా విచ్చుకున్నప్పుడు దాదాపు 7 మిల్లీమీటర్లుంటుంది. 20 సెంటీమీటర్ల టెలిస్కోప్ దానికన్నా 800 రెట్లకు పైగా వెలుతురు పోగుచేస్తుంది, 40 సెంటీమీటర్లదైతే 3,200 రెట్లకు పైగా. "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. అది ఐపీస్ మారిస్తే మారిపోయే సంఖ్య, గాలి అల్లాడుతుంటే 300 రెట్లు దాటించడం చాలా రాత్రులు దండగ. వెలుతురు ఎంత పోగవుతుందన్నదే ఆ పరికరం అసలు బలం.

6. ఐపీస్ దగ్గర

ఇక్కడ తొందర వద్దు. మీ వెనక వరుస ఉందన్న బెరుకుతోనే చాలామంది సరిగా చూడరు. అందరూ దీనికే వచ్చారు, మీకూ మీ నిమిషం ఉంది.

చేతులు వెనక్కి కట్టుకోండి. ఐపీస్‌ను పట్టుకుంటే టెలిస్కోప్ కదిలి వస్తువు తప్పిపోతుంది. కన్ను ఐపీస్‌కు అతికించకుండా ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో ఆపి, మెల్లగా దగ్గరికి తీసుకెళ్లండి. మొదట అంతా నల్లగా ఉంటుంది. తల కొంచెం అటూ ఇటూ జరుపుతుంటే ఒక్కసారిగా వెలుతురు వృత్తం విచ్చుకుంటుంది. అక్కడ ఆగండి. రెండో కంటిని గట్టిగా మూయొద్దు, ముఖం బిగుసుకుని చూసే కన్ను కూడా వణుకుతుంది. అరచేతిని అడ్డం పెట్టుకోండి చాలు. చలిరాత్రి ఊపిరి ఐపీస్ మీద పడితే అద్దం మసకబారుతుంది, పక్కకు వదలండి.

కళ్లజోడు ఉన్నవాళ్లకు ఒక మాట. దగ్గరచూపో దూరపుచూపో లోపం మాత్రమే అయితే జోడు తీసి చూడొచ్చు, ఫోకస్ తిప్పితే సరిపోతుంది. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేని లోపం) ఉంటే జోడుతోనే చూడండి, దాన్ని ఫోకస్ సరిచేయలేదు. బొమ్మ మసకగా ఉంటే ఊరుకోకుండా అక్కడున్నవారితో చెప్పండి. "ఫోకస్ నేను తిప్పుకోవచ్చా?" అని అడిగితే చాలాసార్లు సంతోషంగా మీ చేతికే ఇస్తారు.

ఇక నిలకడగా చూడడం. గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి గ్రహం బొమ్మ పారే నీటి అడుగున ఉన్న గులకరాయిలా అల్లాడుతుంటుంది. ఉన్నట్టుండి అర సెకనో సెకనో గాలి కుదుటపడుతుంది. ఆ క్షణంలో అంతవరకూ లేని గీతలు, అంచులు తేటగా కనిపించి మళ్లీ చెదిరిపోతాయి. పది సెకన్లకే దిగిపోయినవాళ్లకు ఆ క్షణం అందదు. ముప్పై సెకన్లు ఆగండి, మీకే తెలుస్తుంది.

మసక వస్తువులకు ఇంకో కిటుకు ఉంది. వాటిని నేరుగా చూడొద్దు, ఓరచూపు చూడండి. కంటి నడిమధ్యలో దండకణాలు లేవు, అవి పక్కలకు ఒత్తుగా ఉంటాయి. కుడికంటితో చూస్తుంటే చూపును వస్తువుకు కొంచెం కుడివైపు నిలపండి, ఎడమకంటితోనైతే ఎడమవైపు. వైపు తారుమారైతే వస్తువు కంటిలోని అంధబిందువు మీద పడి మాయమైపోవచ్చు. నేరుగా చూస్తే మసక మచ్చగా ఉన్న గెలాక్సీ, ఓరచూపులో ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఇది అలవాటు చేసుకున్నవారికి అదే టెలిస్కోప్ ఇంకాస్త పెద్దదైనట్టు అనిపిస్తుంది.

7. ఏ వస్తువులో ఏం వెతకాలి

చంద్రుడిలో వెలుగు, చీకటి కలిసే గీత వెంబడే చూడండి. అక్కడ సూర్యుడు అప్పుడే ఉదయిస్తున్నాడు, చిన్న గుట్ట నీడ కూడా చాలా దూరం పరుచుకుంటుంది. ఆ గీతకు చీకటివైపున, దేనికీ అంటకుండా ఒంటరిగా వెలిగే చుక్క ఒకటి దొరుకుతుందేమో వెతకండి. అది కొండ శిఖరం. కింద లోయ ఇంకా చీకట్లో ఉండగా కొన మీద మాత్రం ఎండ పడింది. గంట తర్వాత మళ్లీ చూస్తే ఆ చుక్క పెద్దదయి ఉంటుంది, పక్కన ఇంకోటి వెలిగి ఉండొచ్చు. శుక్ల నవమి, దశమి ప్రాంతంలో 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం ఆ గీత దగ్గరికొస్తుంది. దాని గోడల లోపలివైపు మెట్లుమెట్లుగా ఉండటం, నడుమ కొండల గుంపు తేటగా కనిపిస్తాయి.

శనిగ్రహంలో వలయాల వంపు చూడండి. 2025 మార్చిలో వలయాలు మనకు సరిగ్గా అంచున నిలబడి దాదాపు కనిపించకుండా పోయాయి. అప్పటినుంచి మళ్లీ విచ్చుకుంటున్నాయి, 2032 ప్రాంతానికి బాగా తెరుచుకుంటాయి. ఏటా ఒకసారి చూస్తూ ఉంటే ఈ మార్పు మీ కళ్లకే తెలుస్తుంది. వలయాల మీద గ్రహం నీడ ఎటు పడిందో చూడండి, కాస్త దూరంలో ఉన్న చుక్క శని పెద్ద చంద్రుడు టైటాన్ అవునా అని అడగండి.

గురుగ్రహం పక్కన వరుసగా నాలుగు చుక్కలుంటాయి, అవి దాని పెద్ద చంద్రులు. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఇవే. మూడే కనిపిస్తే నాలుగోది గ్రహం ముందో వెనకో నీడలోనో ఉందన్నమాట. గ్రహం పది గంటలలోపే ఒక చుట్టు తిరుగుతుంది. సాయంత్రం లేని ఎర్రమచ్చ (గురుగ్రహం మీది పెద్ద తుఫాను) రాత్రి పొద్దుపోయాక ఎదురుగా రావచ్చు. సమయం ఎప్పుడో అక్కడి విద్యార్థులకు తెలిసే ఉంటుంది.

సప్తర్షి మండలం తోకలోని వసిష్ఠుణ్ని టెలిస్కోప్‌లో చూపించమనండి. కంటికి వసిష్ఠుడు, పక్కన మసకగా అరుంధతి కనిపిస్తారు. టెలిస్కోప్‌లో వసిష్ఠుడే రెండుగా విడిపోతాడు. హంస రాశిలోని అల్బీరియో అయితే ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం. రంగు కావాలనేవారు చూడాల్సింది ఇలాంటి జంటలనే. ఎందుకంటే నీహారికలు ఫోటోల్లోలాగ ఎర్రగా ఊదాగా కనిపించవు. దండకణాలకు రంగు తెలియదు, కెమెరాలాగ నిమిషాలకొద్దీ వెలుతురు పోగుచేసుకోవడం కంటికి రాదు. ఓరియన్ నీహారిక బూడిదరంగు పొగలా, మహా అయితే లేత ఆకుపచ్చగా ఉంటుంది. దాని నడుమ దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు చిన్న నక్షత్రాలను చూడటం మరిచిపోవద్దు, ఆ పొగనంతా వెలిగిస్తున్నవి ముఖ్యంగా అవే. మీ కంట్లో పడే ఆ వెలుగు దాదాపు 1,300 ఏళ్ల కిందట బయల్దేరింది. ఆండ్రోమెడా గెలాక్సీదైతే దాదాపు 25 లక్షల ఏళ్ల కిందటిది.

8. బయట ఉన్న చిన్న టెలిస్కోప్‌లను వదలొద్దు

డోమ్ బయట గడ్డి మీద విద్యార్థులు, ఔత్సాహికులు చిన్నవాటిని పెట్టుకుని నిలబడి ఉంటారు. జనం పెద్ద టెలిస్కోప్ వరుసలోనే ఉండిపోయి వీటిని పట్టించుకోరు, నాకైతే అది పెద్ద పొరపాటనిపిస్తుంది. పెద్ద టెలిస్కోప్ ఆకాశంలో చిన్న ముక్కనే చూపిస్తుంది. కృత్తికలు మొత్తం అందులో పట్టవు. ఆండ్రోమెడా ఆకాశంలో ఆరు పున్నమి చంద్రుల వెడల్పున పరుచుకుని ఉంటుంది, పెద్ద టెలిస్కోప్‌లో దాని నడిబొడ్డు మాత్రమే కనిపిస్తుంది. ఇలాంటివాటికి చిన్న టెలిస్కోపో బైనాక్యులరో మేలు.

అక్కడ వరుస తక్కువ, మాట్లాడేందుకు తీరిక ఎక్కువ. "మీరు దేనిమీద పరిశోధన చేస్తున్నారు?" అని ఒక్కమాట అడిగి చూడండి. రాత్రంతా శనిగ్రహం గురించే చెప్పి అలసిన విద్యార్థి ముఖం వెలిగిపోతుంది. పుస్తకాల్లోకి ఇంకా ఎక్కని సంగతులు దొరికేది ఆ మాటల్లోనే.

9. పిల్లలతో వెళ్తే

"కనిపించిందా?" అని అడిగితే పిల్లలు ఏమీ కనిపించకపోయినా "ఆ" అనేస్తారు, వెనకవాళ్లు చూస్తున్నారన్న సిగ్గుతో. అలా కాకుండా "ఏం కనిపిస్తోంది నాన్నా? ఉంగరం ఎటు వంగింది? చుక్కలెన్ని?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే కన్ను సరైన చోట లేదని అర్థం, పీట ఎత్తు సరిచేయించండి. మరీ చిన్నవాళ్లకు చంద్రుడున్న రాత్రే మంచిది.

10. ఫోటో, బొమ్మ

చంద్రుడి ఫోటో ఫోన్‌తో తీయొచ్చు. ఫ్లాష్ ఆపి, లెన్స్‌ను ఐపీస్ మధ్యకు తెచ్చి, తెర మీద చంద్రుణ్ని తాకి వెలుతురు తగ్గించండి. మిగతావాటికి చేతితో పట్టుకున్న ఫోన్ సరిపోదు. ఏదైనా సరే ముందు కంటితో తృప్తిగా చూశాకే.

కాగితం మీద వృత్తం ఇప్పుడు పనికొస్తుంది. ఐపీస్ నుంచి దిగగానే పక్కకెళ్లి ఎర్ర టార్చి వెలుగులో, చూసింది గుర్తున్నంతవరకు గీయండి. బొమ్మ బాగా రానవసరం లేదు. గీస్తున్నప్పుడే "వలయానికీ గ్రహానికీ మధ్య సందు ఉందా, లేదా?" లాంటి ప్రశ్నలొస్తాయి. ఆ ప్రశ్నతో మళ్లీ వరుసలో నిలబడండి. రెండోసారి మీరు ఖచ్చితంగా ఎక్కువ చూస్తారు.

ఆ రెండో వంతుకోసమే చివరిదాకా ఉండమని చెబుతాను. చివరి అరగంటలో జనం పలచబడతారు, కళ్లు పూర్తిగా అలవాటుపడి ఉంటాయి, పగలు ఎక్కిన వేడి నేలలోంచి చాలావరకు పోయి గాలి కుదుటపడి ఉండొచ్చు. సిబ్బందికీ తీరిక ఉంటుంది. "ఇంకేదైనా చూపిస్తారా?" అని అడగాల్సిన సమయం అదే.

11. మబ్బు పట్టినా

కొన్నిచోట్ల మబ్బు రాత్రి కూడా ఉపన్యాసమో డోమ్ సందర్శనో ఉంటుంది. అలా ఉంటే వెళ్లండి. దీపాలు వేసి ఉంటాయి కాబట్టి టెలిస్కోప్‌ను నిదానంగా చుట్టూ తిరిగి చూడొచ్చు, కటకం ఎక్కడుందో, మోటారు ఎలా తిప్పుతుందో చేత్తో చూపించి చెబుతారు. తేట రాత్రి చీకట్లో ఇవేవీ కనిపించవు.

12. ఆ తర్వాతి వారాలు

వెంటనే టెలిస్కోప్ కొనొద్దు. 7×50 లేదా 10×50 (7 లేదా 10 రెట్లు పెద్దగా చూపించే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న) బైనాక్యులర్‌ను గోడకో స్తంభానికో ఆనించి పట్టుకుంటే గురుగ్రహం చంద్రులు కనిపిస్తాయి. వరుసగా నాలుగైదు రాత్రులు వాటి స్థానాలు గీసుకోండి. పగటిపూట మాత్రం సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా దేన్నీ సూర్యుడి వైపు తిప్పొద్దు, చూపు శాశ్వతంగా పోతుంది. ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ అబ్జర్వేటరీకి వెళ్లి, ఏ చుక్క ఏ చంద్రుడో అక్కడివారిని అడిగి పేర్లు రాసుకోండి.